శుభ్రం చేసిన పాట

పరాయివాడు ముంచితే నలుగురిలో పెట్టి అడగొచ్చు. చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు, అదీ కానుక ఇస్తున్నానంటూ ముంచితే ఎవరితో చెప్పుకోవాలి? బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే ఆ మనిషికి జరిగింది అదే. చేసింది చిన్నోడు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చి, రికార్డింగ్ స్టూడియోలో పెద్ద ఉద్యోగం వెలగబెడుతున్నా ఇంట్లో వాడు చిన్నోడే.

సెలవు రోజు. మెకానిక్ అద్దం ముందు గడ్డం గీసుకుంటూ, చనిపోయిన తండ్రి పాడే పాట కూనిరాగం తీస్తున్నాడు. రెండో చరణం మధ్యలో ఎప్పటిలాగే ఆగి, కాసేపటికి మళ్లీ అందుకున్నాడు.

“అక్కడెందుకు ఆగుతారో పెళ్లైనప్పట్నుంచీ నాకర్థం కాలేదు,” అంది భార్య వంటగదిలోంచి. “వినేవాళ్లు మర్చిపోయారనుకుంటారు.”

“ఈ పాట మర్చిపోతే నేను నా పేరు కూడా మర్చిపోయినట్టే.”

ఇంతలో చిన్నోడు వచ్చాడు, చేతిలో చిన్న స్పీకరుతో.

“అన్నయ్యా, ఆ నురగ తుడుచుకుని ఇలా కూర్చో. నీ యాభయ్యో పుట్టినరోజుకి వదినా నేనూ కలిసి చేసిన కుట్ర ఇది.”

భార్య ముసిముసిగా నవ్వింది. బీరువాలోని పాత క్యాసెట్‌ను వారం క్రితం మరిదికి ఇచ్చింది ఆమే.

పాట మొదలైంది. నాన్న ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టుంది. దర్జీ కొట్టు నుంచి వచ్చి, వేళ్లకంటిన సుద్ద కడుక్కోకుండానే పాటకు కూర్చునే మనిషి కళ్ల ముందు కదిలాడు. మెకానిక్ కళ్లు మూసుకున్నాడు. రెండో చరణం రాగానే ఎవరూ మాట్లాడొద్దన్నట్టు చెయ్యెత్తాడు.

నాన్న గొంతు ఆగకుండా సాగిపోయింది.

“వెనక్కి తిప్పు.”

“ఏమైంది, అన్నయ్యా?”

“తిప్పమంటున్నాగా.”

మళ్లీ అంతే.

“ఇక్కడ ఒక ఆడమనిషి మాట్లాడుతుంది. ఏదీ?”

“అదా? తీసేశాను,” అన్నాడు చిన్నోడు గర్వంగా. “ఎవరో పక్కింటావిడ మధ్యలో దూరింది. గిన్నె చప్పుడు, ఎవడో పిల్లాడి ఏడుపు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్కటీ ఏరేశాను. వారం పట్టింది.”

“క్యాసెట్ ఏది?”

“ఆ టేపు పూర్తిగా పాడైపోయిందన్నయ్యా. ఒక్కసారి తిరిగింది, తర్వాత పొట్టులా రాలిపోయింది. పారేశాను.”

“ముందు కంప్యూటర్లోకి ఎక్కించావుగా. అదుంటుందిగా.”

“ఇంత బాగా వచ్చాక పాతదెందుకని డిలీట్ చేసే...” చిన్నోడు ఆగిపోయాడు. అన్న మొహం చూశాడు.

మెకానిక్ భార్య వైపు తిరిగాడు. “ఎవర్నడిగి ఇచ్చావు?”

“వాళ్ల నాన్న పాట వాడికివ్వడానికి ఎవర్నడగాలి?”

“నాన్న పాట ఎవడిక్కావాలి? అది పక్కింటావిడ కాదురా. అమ్మ.”

చిన్నోడు స్పీకరు ఆపి, నేల మీదే కూలబడ్డాడు. వాడికి ఏడాది నిండకముందే తల్లి పోయింది. గోడ మీది ఫొటో తప్ప ఆమె గురించి వాడికేమీ తెలియదు.

“ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“అడిగావా?”

“అడగడానికి అలాంటిదొకటుందని తెలియాలి కదా. మేమంతా బయటికెళ్లాక ఒక్కడివే పెట్టుకుని వినేవాడివి. నాన్నంటే అంత ప్రేమనుకున్నాను. నీ పాటలు వింటూ పెరిగే కదా నేనీ పనిలోకొచ్చింది.”

“నిన్ను ఎత్తుకోవడానికి బడి మానేశాను. పుస్తకం పట్టాల్సిన చేత్తో రెంచీ పట్టాను. నాకంటూ దాచుకున్నది అదొక్కటే. అదీ నీకు వాటా పెట్టాలా?”

“ఆవిడ వాడికీ అమ్మేనండీ,” అంది భార్య.

మెకానిక్ మొహం తిప్పుకున్నాడు. చెంప మీద నురగ ఎండిపోయి చర్మం లాగుతోంది.

“అమ్మ ఏమంది?” అన్నాడు చిన్నోడు.

“‘మెల్లిగా పాడండి. చిన్నోడు ఇప్పుడే పడుకున్నాడు’ అంది. అంటుండగానే చేతిలో గిన్నె జారింది. నువ్వు లేచి ఏడుపు లంకించుకున్నావు. ఆవిడ నవ్వింది.”

“ఆ ఏడుపు నాదా?”

“ఇంకెవడిదిరా?”

“అన్నయ్యా, అమ్మ ఎలా అందో అలాగే ఒక్కసారి అను.”

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. వచ్చింది డిపోలో స్పానర్ తెమ్మని అరిచే గొంతే. ఇంకాస్త సన్నగా అనబోయాడు, కుదరలేదు. కళ్లు మూసుకుని చెవుల్లో వెతుక్కున్నాడు. ఇందాక గడ్డం గీసుకుంటున్నప్పుడు కూడా వినిపించిన గొంతు అది. ఇప్పుడక్కడ మచ్చ లేకుండా నాన్న పాటొక్కటే సాగుతోంది.

“రావట్లేదురా,” అన్నాడు.

చిన్నోడు అన్న మోకాళ్ల మీద తల పెట్టి భోరుమన్నాడు. మెకానిక్ వాడి తల మీద చెయ్యి వేశాడు. ఏడుస్తున్న పసివాణ్ణి ఊరుకోబెట్టడం ఆ చేతికి పాత అలవాటే. ఇన్నాళ్లూ ఇద్దరికీ ఉండాల్సినదాన్ని ఒక్కడే తిన్నాడు. ఇప్పుడు ఇద్దరికీ లేదు.

పోయింది ఎంతని లెక్క కడితే ఐదు మాటలు, ఒక నవ్వు.