తుఫానులో గంట

“అనుమానం ఎవరి మీద సార్?” అడిగాడు ఏజెంట్.

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. ఆ ఫోటోలో ఉన్నది ఏజెంట్ మరదలు, అలల ల్యాబ్‌లో నీటి కదలికలు లెక్కగట్టే హైడ్రోడైనమిక్స్ ఇంజినీర్.

“సముద్రం మీద తేలే గాలిమర ఈమె డిజైన్. రేపు కొనుగోలుదారుల ముందు దాని చిన్న మోడల్‌కి టెస్ట్. మోడల్ లంగరు తీగ తెంచి, నవ్వులపాలు చేసి, ఆర్డర్ కొట్టేయాలని ఒక విదేశీ ముఠా చూస్తోంది. వాళ్ల మనిషిని ఈమె రహస్యంగా కలుస్తోంది. మైక్ పెట్టు.”

“మా ఆవిడ చెల్లెలు సార్.”

“అందుకే నువ్వు.”

ఆ సాయంత్రమే మరదలికి మైక్ దాచిన వాచీ కానుకిచ్చాడు. ఆమె దాన్ని వెనక్కి తిప్పి చూసింది, చెవి దగ్గర పెట్టుకుంది, నవ్వింది. “భలే ఉంది బావా. తీయనే తీయను.” ఆ నవ్వు వైపు అతను చూడలేకపోయాడు.

మర్నాడు ఏసీ మెకానిక్ వేషంలో, అంటించిన మీసంతో ల్యాబ్ క్యాంటీన్‌లో కూర్చున్నాడు. చెవిలో మరదలి గొంతు వినిపించింది. “తుఫాను మొదలైన గంటకి పెద్ద అల వస్తుంది. అప్పుడే రిమోట్ నొక్కండి. అల వల్లే తీగ తెగిందనుకుంటారు.”

ఇంకేం సందేహం? ఇంట్లో ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? చీఫ్‌కి మెసేజ్ పెట్టాడు: గంట టైముంది, టీమ్‌ని పంపండి. ఆ తర్వాత కాఫీ తెప్పించుకున్నాడు.

గోడ మీది స్క్రీన్‌లో ల్యాబ్ కొలను, అందులో చిట్టి గాలిమర కనిపిస్తున్నాయి. కృత్రిమ తుఫాను మొదలైంది. కాఫీ పూర్తికాకముందే స్క్రీన్ మూల అంకెల మీద అతని చూపు పడింది. తుఫాను సమయం యాభై నిమిషాలు! అంకెలు పరిగెడుతున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. భోజనాల దగ్గర ఆమె ఎన్నిసార్లు చెప్పిందో! “మోడల్ చిన్నదైతే టైమూ చిన్నదే బావా. సముద్రంలో గంటంటే మా కొలనులో పది నిమిషాలు.” ప్రతిసారీ ఊఁ కొట్టాడు, ఒక్క ముక్క చెవికెక్కించుకోలేదు. వినడమే ఉద్యోగమైనవాడికి ఎంత సిగ్గుచేటు!

ఒక్క పరుగున కంట్రోల్ రూమ్‌లోకి దూసుకెళ్లి మరదలి మణికట్టు ఒడిసిపట్టాడు. “కదలకు!” మీసం ఊడి కీబోర్డు మీద పడింది.

“నన్ను కాదు బావా! ఆ నీలం టై! ఆయన జేబు!”

కొనుగోలుదారుల వెనక నిలబడ్డ నీలం టై చెయ్యి అప్పటికే కోటు జేబులో ఉంది. కొలనులో పెద్ద అల లేచింది. ఏజెంట్ వాడి మీదికి ఉరికాడు. రిమోట్ నేల మీద దొర్లింది. చిట్టి గాలిమర ఒరిగింది, వణికింది, మళ్లీ నిటారుగా లేచింది. ఇదీ డెమోలో భాగమే అనుకుని కొనుగోలుదారులు చప్పట్లు కొట్టారు.

టీమ్ వచ్చి వాడిని తీసుకెళ్లాక మరదలు గలగలా చెప్పుకుపోయింది. “వాళ్లు నన్ను కొనబోతే ఒప్పుకున్నట్టు నటించా బావా. రిమోట్‌తో సహా దొరకాలి కదా! వాచీ చూడగానే తెలిసిపోయింది, నాకు కాపలా పెట్టావని. అందుకే నీకు వినపడేలా టైము చెప్పా. నువ్వున్నావని ఎంత ధైర్యంగా...”

ఆగిపోయింది. మణికట్టు మీద ఎర్రగా తేలిన అతని వేళ్ల గుర్తులు చూసుకుంది.

“కాపలా కాదన్నమాట.”

అతను తలెత్తలేకపోయాడు. నేల చీలితే బాగుండుననిపించింది.

ఆమె వాచీ విప్పి అతని అరచేతిలో పెట్టింది.

“అక్కకివ్వు బావా. కనీసం తన మాటైనా వింటావు.”