ఏకపక్ష ప్రేమకు ఆధారం

నా కళ్ళముందే కథకు ‘పిరికి హీరో’ అని ట్యాగ్ తగిలించింది ఆమె.

నాకు ఒళ్ళు మండింది. మండినా బయటపడే వీల్లేదు, ఆ కథ మారుపేరుతో రాసి పంపింది నేనే మరి.

ఆన్‌లైన్‌లో జనం పంపే కథలకు ట్యాగులు పెట్టడం మా ఉద్యోగం. ప్రేమ, పగ, వర్షం, సుఖాంతం అని నాలుగు మాటలు చేరిస్తే వెతికేవాళ్ళకు కథ దొరుకుతుంది. ఒకరు పెట్టినవి ఎదుటి బల్ల మనిషి సరిచూడాలి. మూడేళ్ళుగా నా ఎదుటి బల్ల ఆమెది. అక్కర్లేని ట్యాగుల్ని జాలి లేకుండా కోసేస్తుందని ఆఫీసంతా ఆమెను కత్తెర అంటారు.

కత్తెరకు వేరే ఊళ్ళో పెద్ద ఉద్యోగం వచ్చింది. వెళ్తుందో లేదో ఇవాళ ఐదింటికల్లా బాస్‌కు చెప్పాలి. అప్పటికే నాలుగున్నర.

"నోరు తెరిచి చెప్పరా, కథలెందుకు?" అని మా అక్క తిడుతూనే ఉంది. నాకు చేతనైంది కథే. తీరా అది ఆమె వంతుకే వచ్చింది.

"ఆ ట్యాగ్ తీసెయ్యండి. హీరో పిరికివాడు కాదు, మొహమాటస్తుడు," అన్నాను.

"మూడేళ్ళ మొహమాటమా? అయినా మధ్యలో మీకెందుకండీ అంత బాధ?"

"బాధేం లేదు. సరిచూడ్డం నా డ్యూటీ."

"అయితే దీన్ని కూడా చూడండి," అంటూ ఇంకోటి కొట్టింది. ఏకపక్ష ప్రేమ.

"ఏకపక్షమని మీకెలా తెలుసు?"

"అమ్మాయి మనసులో ఏముందో కథలో ఒక్క ముక్క లేదు. ట్యాగ్‌కు ఆధారం ఉండాలని రూలు పెట్టింది మీరేగా?"

నిజమే, నేనే పెట్టాను. అది తిరిగొచ్చి నా మెడకే చుట్టుకుంది.

"అమ్మాయిని ఎవరూ అడగలేదు కదా. అడిగితే చెప్పేదేమో."

"అడగలేదనే కదా పిరికి అన్నాను!"

నాలుగూ యాభై. ఆమె కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "బాస్ దగ్గరికి వెళ్ళొస్తా."

"ఏం చెప్తారు?"

"ఆధారం లేనిదాన్ని పట్టుకుని ఎన్నాళ్ళని కూర్చోను?"

ఆమె తలుపు దాకా వెళ్ళింది.

"వెళ్ళకండి!"

గది మొత్తం నా వైపు తిరిగింది. ఇక దాచేదేముంది? "ఆ కథ నాది. అందులో అమ్మాయి మీరే. మీరు లేని ఎదుటి బల్లను చూడలేను."

"తెలుసు," అంది.

"ఎలా?"

వెనక్కి వచ్చి స్క్రీన్ మీద వేలు పెట్టింది. కథతో పాటు రచయితగా నేను పంపిన ట్యాగ్ అది. వర్షం.

"బయటి రచయితలు వాన అంటారు, జల్లు అంటారు, ముసురు అంటారు. అన్నీ కొట్టేసి వర్షం అని మార్చేది మనం. అలవాటు ఎక్కడికి పోతుంది? పైగా కథలో ఆకుపచ్చ గొడుగు! అది నేనిచ్చింది ఒక్కరికే. ఇంతవరకూ తిరిగివ్వలేదు."

"ఇంత తెలిసీ నన్ను ఏడిపించారా?"

"ఏడ్చింది మీరొక్కరే అనుకుంటున్నారా? ఐదింటిదాకా నోరు తెరవకపోతే నిజంగానే వెళ్ళిపోయేదాన్ని." ఆ గొంతులో వణుకు నేనెప్పుడూ వినలేదు. కత్తెరకూ భయం వేస్తుందని మూడేళ్ళలో ఒక్కసారీ తోచలేదు నాకు.

వంగి ‘ఏకపక్ష’ను చెరిపేసి ‘పరస్పర’ అని కొట్టింది.

"ఆధారం?" అన్నాను, కాస్త ధైర్యం వచ్చి.

ఆమె నా వైపే చూస్తూ ఫోన్ తీసింది. "సార్, నేను వెళ్ళడం లేదండీ. ఆ, బాగా ఆలోచించే చెప్తున్నా." ఫోన్ పెట్టేసి కళ్ళెగరేసింది. "చాలా?"

"చాలు. మరి ఆ పిరికి హీరో సంగతి?"

"అది మాత్రం ఉంటుంది. పేజీకో ఆధారం ఉంది."

సరిచూడాల్సింది నేనే కదా. నోరు మూసుకుని ఓకే నొక్కాను.