ల్యాంప్‌షేడ్ లోపలి గుడ్డ

"ఇది అసలో నకిలీయో రేపు కోర్టు మొదలయ్యేలోగా తేలాలి." చీఫ్ డ్రెక్స్‌లర్ బల్ల మీది ల్యాంప్‌షేడ్‌ను తాకకుండానే అన్నాడు. "పేరు ఆపరేషన్ కొంగ. కదులు!"

ఏజెంట్ ఎకార్ట్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఖైదీ చర్మంతో చేసిందట అది. మూడు ల్యాబ్‌లు 'చెప్పలేం' అని చేతులు దులిపేసుకున్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టులో మాజీ నాజీ క్యాంపు అధికారి మీద కేసు. ప్రాసిక్యూటర్ ముందుగా దీన్నే చూపిస్తాడు. ఆ తర్వాత నకిలీ అని బయటపడితే, క్యాంపు నుంచి బతికి బయటపడ్డ శ్రీమతి లిబెస్మన్ సాక్ష్యం కూడా కట్టుకథే అంటారు. బ్యూనస్ ఐరెస్‌లో దాక్కున్న పాత అధికారుల ముఠాకి కావలసింది అదే.

ప్రాసిక్యూటర్‌కి ల్యాంప్‌షేడ్ అమ్మింది ఇలోనా. ముఠాకీ, డ్రెక్స్‌లర్‌కీ కూడా పనిచేసే అందగత్తె. పెట్టుడు మీసంతో డాన్స్ బార్‌కి వెళ్లాడు ఎకార్ట్.

"ఆ మీసం నీకు నప్పలేదు," అంది ఇలోనా.

"అది అసలుదేనా?"

"మీసమా?"

"ఇలోనా!"

"నాకు ఇద్దరూ జీతమిస్తారు. నిజం చెప్పమని ఎవరూ ఇవ్వరు. డాన్స్ చేద్దాం రా."

డాన్స్ ఫ్లోర్ మీద నీలి అల్ట్రావయొలెట్ లైటు వెలిగింది. ఎకార్ట్ కాలర్ తెల్లగా ధగధగలాడింది.

"కొత్త సబ్బుపొడి వాడుతున్నావే! మన దేశంలో గుడ్డ తెల్లగా లేకపోతే పరువు పోతుంది మరి," అని నవ్వింది ఇలోనా.

ఎకార్ట్ ఆగిపోయాడు. మరుక్షణం తలుపు వైపు పరిగెత్తాడు.

"ఒక్క పాటైనా పూర్తిగా ఆడనివ్వవు కదా!" వెనక నుంచి ఇలోనా అరిచింది.

మర్నాడు కోర్టు హాల్లో ప్రాసిక్యూటర్ అప్పటికే పెట్టె మూత తీస్తున్నాడు. ఎకార్ట్ కుట్టు విప్పి, పెన్నులో దాచిన అల్ట్రావయొలెట్ బల్బు వెలిగించాడు. తోలు మడత లోపలి లైనింగ్ గుడ్డ తెల్లగా మెరిసింది.

"ఈ మెరుపు ఇప్పటి సబ్బుపొడిలో కలిపే తెలుపు మందుది. యుద్ధం రోజుల్లో ఇది లేదు."

"తర్వాత ఎవరో ఉతికుంటారయ్యా!" ప్రాసిక్యూటర్ విసుక్కున్నాడు.

"తోలుతో కలిపి ఉతికితే ముడుచుకుపోయేది. నకిలీ చేసినవాళ్లు పాత గుడ్డే తెచ్చారు, కానీ మురికిగుడ్డ కుట్టడానికి మనసొప్పలేదు. ముందు ఉతికి, ఇస్త్రీ చేసి, అప్పుడు కుట్టారు."

జడ్జి లోపలికి వస్తుండగా పెట్టె బల్ల కిందికి పోయింది. దాన్ని నకిలీ అని నిరూపించడానికి జ్యూరిక్ నుంచి వచ్చిన నిందితుడి తరఫు నిపుణుడు మెల్లగా బ్యాగు మూసుకున్నాడు.

ముందు వరసలో శ్రీమతి లిబెస్మన్ అంతా వింది.

"నకిలీయా, బాబూ?"

"ఇది నకిలీయే అమ్మా. మీ మాట కాదు."

"ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను. నా మాట చాలక దీపం తెచ్చారు." ఆమె కర్ర ఊతంగా లేచింది. "సరే, ఇక నన్నే అడగమను. నేను చూసినదాన్ని ఏ సబ్బుపొడీ వదిలించలేకపోయింది."