కారు లోపలి కర్ర

పొద్దున్నే కాఫీ తాగి, మాస్కు తగిలించుకుని, మధుసూదనాచారి అల్మారా తలుపు తీశాడు. ఉలి లేదు. రంపమూ లేదు. తెనాలి నుంచి బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్న సామాను!

“అమ్మాయ్, నా సామానేదీ?”

కోడలు ఉజ్వల ల్యాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. “ఆయన దాచారు మావయ్యా. ఆయన్నే అడగండి.”

ముసలాయనకి ఒళ్లు మండిపోయింది. మూడు నెలలకని ఐర్లండ్‌లోని నేస్ ఊరికి, కొడుకు లోకేశ్ దగ్గరికి వచ్చినవాడు, కరోనాతో విమానాలాగిపోయి ఇది ఆరో నెల. ఇంట్లో పిచ్చెక్కిపోతున్న వేళ ఎదురింటి డెక్లాన్ వాకిట్లో ఓ పాత ఇంగ్లీషు కారు కనిపించింది. మనుషులు చేత్తో కట్టిన కారు. పైన రేకు, లోపలంతా కర్ర చట్రం. తలుపు పట్టే కర్ర పుచ్చిందని వేలితో తట్టి తేల్చేశాడు. వారం రోజులు కూర్చుని కొత్త కర్ర చెక్కాడు. ఇవాళ బిగించాలి.

లోకేశ్ మెట్లు దిగుతూనే అందుకున్నాడు.

“డెబ్బై దాటినవాళ్లు బయటికెళ్లొద్దంటే వినవేం నాన్నా?”

“ఆరుబయట, దూరంగానే చేస్తున్నా. అసలు సంగతి చెప్పు.”

“అసలు సంగతా? మా నాన్న రిటైర్డ్ ఇంజనీరని వీధిలో అందరికీ చెప్పుకున్నా. నువ్వేమో వాళ్ల వాకిట్లో కూలివాడిలా చెక్క గీకుతున్నావ్! నా పరువేం కావాలి?”

“నీ పరువా?” ఆచారి గొంతు ఇల్లంతా మోగింది. “పెళ్లి శుభలేఖలో నా పేరులోంచి ఆచారి కొట్టేయించావు, మింగాను. నీ ఆఫీసువాళ్లొస్తే నన్ను నోరెత్తనివ్వలేదు, అదీ మింగాను. ఇప్పుడు ఉలి దాస్తావా? ఈ చేతులంటే సిగ్గుపడేవాడివి, ఇవి పెట్టిన అన్నం ఎలా తిన్నావురా?”

ఉజ్వల మీటింగు ఆపేసి లేచింది. సోఫా వెనకనుంచి సామాను సంచీ లాగి మావగారి చేతికిచ్చింది. మొగుడి వంక చూడనైనా చూడలేదు.

“సరే, నేనే చెప్పొస్తా, నీకు ఒంట్లో బాలేదని,” అంటూ లోకేశ్ విసవిసా రోడ్డు దాటాడు. ఆచారి వెంటపడ్డాడు.

డెక్లాన్ కారు పక్కన నిలబడి ఉన్నాడు. లోకేశ్ ఇంగ్లీషులో గబగబా ఏదో మొదలుపెట్టాడు. డెక్లాన్ పకపకా నవ్వి, కొత్త కర్ర చూపిస్తూ చాలాసేపు మాట్లాడాడు. కొడుకు మొహం పాలిపోవడం ఆచారి చూశాడు.

“ఏవంటున్నాడు?”

లోకేశ్ ఇంటివైపు తిరిగాడు.

“చెప్పరా, ఏవంటున్నాడు?”

“నువ్వు... వడ్రంగివని మొదటిరోజే తెలిసిందట.” కొడుకు నోట్లోంచి ఆ మాట రావడం ఆచారి ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి వినడం. “రెండేళ్లు వెతికినా ఈ పని తెలిసినవాడు దొరకలేదట. అలాంటి నాన్న దగ్గర నువ్వేం నేర్చుకున్నావని నన్నడుగుతున్నాడు.”

“ఏం చెప్పావు?”

“ఏం చెప్పను నాన్నా? ఏమీ నేర్చుకోలేదు. నిన్ను దాచడమే నేర్చుకున్నా.” లోకేశ్ రోడ్డు మీదే బావురుమన్నాడు.

ఆచారి కోపం ఇంకా చల్లారలేదు. అయినా కొడుకుని అలా చూడలేకపోయాడు.

“ఏడుపు తర్వాత. ఆ చివర పట్టుకో.”

లోకేశ్ కళ్లు తుడుచుకుని కర్ర పట్టుకున్నాడు. బలంకొద్దీ నొక్కాడు.

“గట్టిగా నొక్కకు, కదలకుండా పట్టుకో చాలు,” అంటూ ఆచారి కొడుకు వేళ్లని తన చేత్తో సరిచేశాడు.