ఎవరి లెక్కలోకీ రాని రాత్రి

శనివారం పొద్దున్నే ఆ ఇంట్లో గొంతు లేచేది ఒక్క ఫ్రేయాకే. మూడేళ్ళ పిల్ల. టోస్టు అంచులు తియ్యమని ఏడుస్తుంది, తీసేశాక ఎందుకు తీశావని ఏడుస్తుంది. వాళ్ళ నాన్న డీన్ బస్సు డ్యూటీకి చీకటితోనే వెళ్ళిపోయాడు. తల్లి లియాన్‌కి మొదటి పెళ్ళిలో పుట్టిన బెథనీ శుక్రవారం రాత్రి తన తండ్రి దగ్గర పడుకుంటుంది కాబట్టి, ఇంగ్లండులోని ఆ హల్ ఊళ్ళో ఆ ఉదయం వాన తప్ప వేరే హడావిడి లేదు. లియాన్ రెండో టీ కలుపుకుని, చల్లారేలోపే తాగుదామని కూర్చుంది.

అప్పుడే ఎవరో తలుపు బాదారు. తీసి చూస్తే క్రెయిగ్. లియాన్ మొదటి మొగుడు, బెథనీ తండ్రి. విడిపోయి ఏడేళ్ళయినా ఆమెను చూడగానే మొహం ముడుచుకోవడం మాత్రం మానలేదు. ఆ విషయంలో లియాన్ కూడా ఏం తక్కువ తినలేదు.

"బెత్‌ని పిలు. నిన్న రాత్రి ఎందుకు పంపలేదో దాని నోటితోనే వింటాను."

"పొద్దున్నే ఏం తాగొచ్చావు? అది నీ దగ్గరే ఉంది కదా!"

"నా దగ్గరా? కడుపునొప్పి, రాలేనని మెసేజ్ పెట్టింది. నువ్వే పెట్టించావనుకున్నాను."

"నువ్వు వీధి మలుపులో కారాపుకుని ఉన్నావని నాతో చెప్పి, సంచీ తగిలించుకుని వెళ్ళింది!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పన్నెండేళ్ళ పిల్ల. రాత్రంతా వాన. తన మంచంలోనూ పడుకోలేదు, తండ్రి ఇంట్లోనూ పడుకోలేదు.

"ఒక్క ఫోన్ చేసి అడగచ్చుగా వచ్చిందా లేదా అని!" అన్నాడు క్రెయిగ్.

"నువ్వు చేశావా మరి, తగ్గిందా అని?"

ఎవరూ చెయ్యలేదు. వాళ్ళిద్దరి మధ్య మాటలన్నీ ఎప్పుడో ఆగిపోయాయి. పిల్లే ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసేది. ఏం చెప్పినా ఇద్దరూ నమ్మేస్తారని దానికి బాగా తెలుసు.

బెథనీ ఫోను ఆపేసి ఉంది. క్లాసు పిల్లల తల్లులందరికీ లియాన్ ఫోన్లు చేసింది. "రాలేదమ్మా", "చూడలేదమ్మా", "అయ్యో, ఏమైంది?" ఫ్రేయా కూడా అంచులు, గించులు మర్చిపోయి తల్లి కాలు పట్టుకుని నిలబడింది.

"ఇదంతా నీ వల్లే," అన్నాడు క్రెయిగ్. "వారానికి ఆ రెండో రాత్రి ఒప్పేసుకుంటే నీ సొమ్మేం పోయేది?"

"నా సొమ్మే పోయేది! తెలిసే అడుగుతున్నావా?"

తెలుసు. ఇద్దరికీ కంఠతా వచ్చు. పిల్ల అతని ఇంట్లో ఎన్ని రాత్రులు ఎక్కువ పడుకుంటే, అతను పిల్ల కోసం ఇవ్వాల్సిన భరణం అంత తగ్గుతుంది. అతను ట్రేసీతోనూ, ఆమె ఇద్దరు పిల్లలతోనూ కాపురం పెట్టినప్పుడు, ఆ పిల్లల పేరు చెప్పి ఒకసారి తగ్గనే తగ్గింది. ఇప్పుడు బెథనీ వారానికి రెండు రాత్రులు తన దగ్గరే ఉంటోందని భరణం లెక్కగట్టే ప్రభుత్వ ఆఫీసుకి చెప్పాడు. కాదు, ఒక్కటేనని లియాన్ చెప్పింది. నిజం ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంది. లియాన్ పంతం ఊరికే పుట్టింది కాదు. డీన్ ఒళ్ళు హూనం చేసుకుని ఓవర్‌టైము చేస్తే, ప్రభుత్వం ఇచ్చే సాయంలోంచి అందులో సగానికి పైగా కోసేస్తారు. కోత పడకుండా చేతికొచ్చేది క్రెయిగ్ డబ్బొక్కటే. అద్దె, కరెంటు, ఫ్రేయా బూట్లు, అన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

"బుధవారం ఆఫీసు వాళ్ళు ఫోన్ చేశాక దాన్ని ఏమైనా అడిగావా?" అన్నాడు క్రెయిగ్ ఉన్నట్టుండి.

"వేసవి సెలవుల్లో నీ దగ్గర ఎన్ని రాత్రులుందో గుర్తు చేసుకోమన్నాను. నువ్వు?"

క్రెయిగ్ కళ్ళు దించుకున్నాడు. "నేనూ అదే అడిగాను. ఎవరైనా అడిగితే రెండని చెప్పమన్నాను."

లియాన్ పోలీసులకి ఫోన్ చేసింది. అవతల గొంతు మెత్తగా ఉంది. పేరు, వయసు, ఏం బట్టలు వేసుకుంది అన్నీ అడిగి, "పాప మామూలుగా ఎవరి దగ్గర ఉంటుందండీ?" అంది.

ఏం చెబితే ఆఫీసుకి చేరుతుందో, ఏం చెబితే ఏది తెగుతుందో అని లియాన్ ఒక్క క్షణం ఆలోచించింది. కన్నకూతురు కనపడకుండా పోతే, ఆ క్షణంలో తనకొచ్చిన ఆలోచన అది. తర్వాత ఎవరి మీద ఎంత కోపం వచ్చినా, ఆ క్షణం మీద వచ్చినంత అసహ్యం ఆమెకు ఇంక దేనిమీదా రాలేదు.

"ఇద్దరి దగ్గరా ఉంటుందండీ. దయచేసి త్వరగా రండి" అని ఏడ్చేసింది.

ఫోను పెట్టగానే డీన్ చేశాడు. బస్సు డిపోలో ఆపి, లియాన్ పెట్టిన మెసేజ్ చూసుకున్నాడట. "మా అమ్మని అడిగావా?"

"మీ అమ్మకేం సంబంధం? బెత్ ఆవిడకి ఏమవుతుందని?"

"ఏమీ కాకపోతేనే కదా వెళ్ళేది. మీ ఇద్దరి గొడవతో సంబంధం లేని మనిషి. అమ్మ ఫోన్ ఎత్తట్లేదు. అంటే తన కూరగాయల మడిలో కోళ్ళ దగ్గరుంటుంది. వెళ్ళి చూడు."

అత్త మోరీన్ అంటే లియాన్‌కి మొదటినుంచీ పడదు. ఫ్రేయాని మనవరాలంటుంది, బెథనీని పేరుపెట్టి పిలుస్తుంది; బెథనీ కూడా ఆవిడని 'మో' అనే అంటుంది. ఆ తేడా లియాన్ మనసులో ముల్లులా ఉండిపోయింది. కానీ ఇప్పుడు ఆ ముల్లు గుర్తుకొచ్చే తీరిక లేదు. ఎదురింటావిడని ఇంట్లో, ఫ్రేయా దగ్గర కూర్చోబెట్టి, పోలీసులొస్తే చెప్పమని, మాజీ మొగుడి కారెక్కింది. క్రెయిగ్ ఎర్రలైటు దగ్గర స్టీరింగ్ మీద తలపెట్టి, "దేవుడా, దేవుడా" అనుకున్నాడు. చర్చి మొహం చూసి ఎరగని మనిషి.

రైలు పట్టాల అవతల ఊరివాళ్ళు కూరగాయలు పెంచుకునే మడులు ఉన్నాయి. చివర మోరీన్ మడిలో కోళ్ళ గూడు ముందు, పెద్దవాళ్ళ వానకోటు నేలకి జీరాడుతుండగా, బెథనీ గింజలు చల్లుతోంది.

లియాన్ బురదలో పడుతూ లేస్తూ పరుగెత్తింది.

"ఏమిటే ఆ పరుగు, కొంపేమైనా అంటుకుందా?" అంది మోరీన్ గంపతో లేచి. లియాన్ మొహం చూశాక ఆవిడ నవ్వు ఆగిపోయింది. "చెప్పే వచ్చానంది. నువ్వెలాగూ నాకు ఫోన్ చెయ్యవు కదా, అడిగేదేముందిలే అనుకున్నా."

లియాన్ కూతురి భుజాలు పట్టుకుంది. కొట్టాలో ముద్దుపెట్టాలో తెలియలేదు. "ఎందుకే ఇంత పని చేశావ్? చచ్చిపోయావనుకున్నానే!"

బెథనీ పెదవులు అదిరాయి. "మీ ఇద్దరి దగ్గరా పడుకోకపోతే ఆ రాత్రి ఎవరి లెక్కలోకీ రాదు కదా. అప్పుడు గొడవుండదు కదా. మో ఇల్లు నీదీ కాదు, నాన్నదీ కాదు. అందుకని ఇక్కడికొచ్చా."

"అలా కాదమ్మా," అంది లియాన్ అలవాటుగా, "ఎక్కడ పడుకున్నా నాన్న ఇంట్లో కాకపోతే అది నా వైపుకే..."

"నీ వైపెలా అవుతుంది? శుక్రవారం నాది!" అన్నాడు క్రెయిగ్.

మోరీన్ గంప కింద పెట్టింది. "సిగ్గు లేదర్రా మీకు?"

లియాన్‌కి తన మాటలు తనకే వినబడ్డాయి. పిల్ల దొరికి రెండు నిమిషాలు కాలేదు, అప్పుడే దాన్ని పంచుకుంటున్నారు. ఆమె బురదలోనే మోకాళ్ళ మీద కూలబడింది.

"బెత్, నీకెక్కడ పడుకోవాలనుందమ్మా? ఆ మాట నేనెప్పుడూ అడగలేదు."

పిల్ల తల్లి మొహం చూసింది, తండ్రి మొహం చూసింది. టీచరు ప్రశ్న అడిగితే తప్పు చెప్తానేమోనని భయపడే పిల్లలా గొంతు సన్నం చేసుకుని అడిగింది.

"ఏది చెప్తే తగ్గదు?"

క్రెయిగ్ మొహం పక్కకి తిప్పుకుని వెక్కాడు. "డబ్బు తగ్గించమని ఇంక అడగను లియాన్. ఆఫీసు గొడవ వదిలేద్దాం. మనమే కూర్చుని మాట్లాడుకుందాం."

అతని మాటని ఎంతవరకూ నమ్మచ్చో లియాన్‌కి తెలుసు. అంతకుముందు చాలాసార్లు నమ్మి చూసింది. వచ్చే నెల అద్దె తలుచుకుంటే ఇప్పుడూ గుండె జారుతోంది. అయినా కూతురి కళ్ళలో ఉన్న భయం ముందు తన భయం ఎంత?

"తగ్గితే తగ్గనీ తల్లీ. నీ మనసులో ఉన్నది చెప్పు."

"శనివారం కూడా నాన్న దగ్గర." అని, తల్లి ఏమంటుందోనని గబగబా, "నిన్ను వదిలేసి కాదమ్మా. ట్రేసీ వాళ్ళ పిల్లలూ నేనూ కలిసి పడుకుంటే బావుంటుంది, అంతే" అంది.

రెండు రాత్రులు. తను అన్నాళ్ళు పోరాడింది ఆ రెండో రాత్రి ఒప్పుకోకూడదనే. లియాన్ కళ్ళు తుడుచుకుంది.

"సరే, వెళ్ళు. కానీ పడుకునే ముందు నాకు ఫోన్ చెయ్యాలి. వెళ్ళిన ప్రతి రాత్రీ. ఎవరింట్లో ఉన్నా సరే."

"లెక్క రాసుకోవడానికా?"

"కాదే," అంది లియాన్, కూతుర్ని గుండెకి హత్తుకుని. "నువ్వున్నావని తెలియడానికి."