నల్ల సిరాలో ఎన్ని రంగులు

కొత్త కెమిస్ట్రీ టీచర్‌కి ఆఫీసు గుమాస్తాతో మొదటి రోజే గొడవైంది. ఆమె ల్యాబ్‌కి రెండు వందల ఫిల్టర్ పేపర్లు కావాలని లిస్టు రాసిస్తే, అతను దాన్ని కిందికీ మీదికీ చూసి అడిగాడు.

"ఒకసారి వాడినవి ఆరబెట్టి మళ్లీ వాడకూడదా అండీ?"

"మీరు తాగేసిన టీపొడిని ఆరబెట్టి మళ్లీ టీ పెట్టుకుంటారా?"

స్టాఫ్ రూమంతా నవ్వింది. లెక్కల మాస్టారైతే బల్ల చరిచి మరీ నవ్వాడు. గుమాస్తా చెవులు ఎర్రబడ్డాయి.

"వెటకారం కాదండీ. ఆ కాగితానికి ఏమవుతుందో తెలీక అడిగాను" అన్నాడు. ఆమె నమ్మలేదు.

రెండు వారాలకి ల్యాబ్ తలుపు కింద ఒక చీటీ దొరికింది. నల్ల సిరాతో గుండ్రటి అక్షరాలు. 'వడకడితే ఇసుక ఆగుతోంది. ఉప్పు ఎందుకు ఆగదు?'

పిల్లలెవరో రాసుంటారనుకుంది. నీళ్లలో కరిగిన ఉప్పు, కాగితానికున్న సన్నటి రంధ్రాల్లోంచి కూడా దూరిపోతుందని వెనకవైపు రాసి, చీటీని అక్కడే పెట్టింది. మర్నాడు అది మాయమై, ఇంకొకటి వచ్చింది. 'మరి కాచితే నీళ్లు పోతాయి. వాటితోపాటు ఉప్పు ఎందుకు పోదు?'

ఇలా ఓ పది చీటీలు. క్లాసులో ఎవర్ని అడిగినా మేం కాదన్నారు. ఎవరై ఉంటారా అని అన్నం తింటున్నా అదే ఆలోచన. పదకొండో చీటీ చూసి మాత్రం ఆమెకి నవ్వొచ్చింది. 'నల్ల సిరా ఒక్కటే రంగా? కొన్ని కలిస్తే నలుపా?'

"దొరికావ్!" అంది పైకే. ఏ పెన్నుతో రాశారో ఆ సిరాలోని రంగులే చెబుతాయి; పిల్లలు కాదన్నారు కాబట్టి ఇక పెద్దల పెన్నులే చూడాలి.

మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో, ఆఫీసులో నల్ల సిరా పెన్నులన్నిటితో ఫిల్టర్ పేపర్ ముక్కల మీద తలో చుక్క పెట్టించుకుంది. చీటీలోంచి కూడా ఒక అక్షరాన్ని సన్నగా కత్తిరించింది. చుక్కలు మునగకుండా ముక్కల అంచుల్ని నీళ్లలో నిలబెట్టింది. తడి మెల్లగా పైకి పాకింది. లెక్కల మాస్టారి నలుపులోంచి ఊదా, నీలం విడిపోయాయి. హెడ్‌మాస్టారిది కదల్లేదు. చీటీ అక్షరంలోంచి మాత్రం పసుపు, దాని కింద నీలం, అడుగున గులాబీ. సరిగ్గా అవే రంగులు, అదే వరసలో, ఇంకొక్క ముక్క మీద.

అది గుమాస్తాది.

ఆమె తిన్నగా ఆఫీసుకి వెళ్లింది. "నన్ను ఆటపట్టిస్తున్నారా? సిరా మీదే. చేతిరాత మాత్రం మీది కాదు. ఎవరిది?"

అతను కంగారుగా లేచాడు. "మెల్లగా అండీ, దండం పెడతాను. మా అమ్మది."

"అమ్మగారిదా?"

"యాభై రెండేళ్లు. ప్రైవేటుగా టెన్త్ కడుతోంది. సైన్స్ రెండుసార్లు పోయింది. ఈసారి కూడా పోతే ఇక పుస్తకం ముట్టనంది. నలుగురికీ తెలిస్తే నవ్వుతారని దాచుకుంటోంది. నాకేమో సైన్స్ రాదు."

"నన్ను నేరుగా అడగొచ్చుగా?"

"ఆ టీపొడి దెబ్బకి ధైర్యం చాల్లేదు."

ఈసారి ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఈ ఆదివారం మీ ఇంటికి వస్తాను. ఇసుక, ఉప్పు, ఇనప రజను నేనే తెస్తా" అంది.

వాళ్ల వంటింట్లో క్లాసులు మొదలయ్యాయి. కాగితంలో చుట్టిన అయస్కాంతానికి ఇనప రజను ఎగిరి అతుక్కుంటే పెద్దావిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "ఇసుకనెందుకు వదిలేసిందమ్మాయ్?" అంటూ మొదలుపెడితే ఆపేది కాదు. గుమాస్తా గిన్నెలు తోముతూ వినేవాడు. చెంచా తోముతూ టీచర్ వైపే చూస్తుంటే తల్లి కసిరేది. "ఒరే, అది అరిగిపోతుంది."

ఒక ఆదివారం వాన పట్టుకుంది. గుమాస్తా గొడుగు పట్టి ఆమెని బస్టాపు దాకా దింపడానికి వచ్చాడు. గొడుగు మొత్తం ఆమె వైపే ఉంది. అతను సగం తడిసిపోయాడు.

"ఇన్నాళ్లూ అడిగినవన్నీ అమ్మగారి ప్రశ్నలే. మీకేం సందేహాల్లేవా?"

"ఒకటుంది. అడిగితే మీరు రావడం మానేస్తారేమోనని..."

ఇంతలో బస్సు వచ్చేసింది.

పరీక్షలయ్యాయి. ఫలితాలొచ్చాయి. సైన్స్‌లో నలభై ఏడు! పెద్దావిడ ఫోన్లో ఏడుస్తూనే నవ్వింది. టీచర్ కూడా అంతే. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, ఇక ఆ ఇంటికి వెళ్లడానికి పనేం లేదని.

ఆదివారం వచ్చింది. ఇంట్లో కూర్చోలేకపోయింది. చీర మూడుసార్లు మార్చి వాళ్లింటికి వెళ్లింది. గుమాస్తా తలుపు తీశాడు.

"క్లాసులు అయిపోయాయి కదండీ..." అన్నాడు.

"అయిపోయాయి."

"మరి..."

"అమ్మగారైతే ఈపాటికి పది ప్రశ్నలు అడిగేవారు. మీకు ఒక్కటి అడగడానికి ఇన్ని నెలలా?"

అతను అడిగేశాడు. "నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"చేసుకుంటాను. కానీ మా నాన్నగారిని ఒప్పించాలి. ఎవరు మాట్లాడాలి, ఎలా మొదలుపెట్టాలి?"

"అవును, ఎలా మొదలుపెట్టాలి?" అన్నాడు అతను కూడా.

లోపల్నించి పెద్దావిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కుర్చీ లాక్కుంది.

"మీ నాన్నగారి నంబరు ఇటు చెప్పమ్మాయ్, నేను మాట్లాడతా. మీరిద్దరూ ఇలా ఒకర్నొకరు అడుగుతూ కూర్చుంటే నాకు అరవై నిండుతాయి!"