లోకహితయ్యకు పిల్లనిచ్చేదెట్ల?

"ఆ మాట అరిచి చెప్పేది కాదప్పా!"

మగ్గాల వెనకనుంచి వచ్చిన ఆ గొంతుకు నాటకం సగంలో నిలిచిపోయింది. "పేదల ఆకలి చూస్తే నాకు ముద్ద దిగదు!" అని గర్జిస్తున్న మునినారాయణప్ప, పైకెత్తిన చేతిని ఏం చేయాలో తెలియక అట్లే ఉంచేశాడు.

అది కబ్బన్‌పేటలో వెంకటగిరియప్ప మగ్గాల సాల. ఆదివారం మధ్యాహ్నం పేట నాటక సంఘం వాళ్లు అక్కడే రిహార్సల్ చేసుకునేవారు. యుద్ధం ముగిసినా కంట్రోలు పోలేదు. రాగులకూ క్యూ, బియ్యానికీ క్యూ. ఆ కడుపుమంటతోనే అశ్వత్థప్ప మాస్టరు ఒక ప్రహసనం రాశాడు. అందులో లోకహితయ్య అనే పెద్దమనిషి ఇంటినిండా రాగి మూటలు దాచుకుని, వీధిలో దానధర్మాల మీద ఉపన్యాసాలిస్తుంటాడు.

ఆ వేషం మునినారాయణప్పది. సర్జాపురం నుంచి వచ్చి, నూలుకు రంగులు వేసే కార్ఖానాలో పనిచేస్తున్నాడు. మామూలుగా పిలిస్తే పలకడమే గగనం. వేషం కడితే మాత్రం మనిషి మారిపోయేవాడు.

"ఎవురమ్మా అది?" అన్నాడు మాస్టరు.

వెంకటగిరియప్ప కూతురు అక్కయమ్మ. రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. రాట్నం ఆపి, తలెత్తకుండానే చెప్పింది.

"నేనే మాస్టరూ. ఆ మాట పెండ్లాంతో కదా చెప్తాడు? వంటింట్లో ఎవురుండారని అరిచేది? అబద్ధాలాడేవాడు వీధిలో అరుస్తాడు. ఇంట్లో మెల్లగా, తీయగా చెప్తాడు."

"నీకెట్ల తెలుసో!" అని గదిమాడు మునిరాజు. లోకహితయ్య భార్య వేషం అతనిదే. మీసం మాత్రం తీయనని మొండికేసిన భార్య.

"ఆయప్ప మాటల్లోనే ఉండాది కదా! ఇంట్లో రాగులుండాయా అని పెండ్లాం అడిగితే దేశం గురించి చెప్తాడు. పిల్లోడికి జరమంటే ధర్మం గురించి చెప్తాడు. అడిగినదానికి ఒక్కసారైనా జవాబు చెప్పినాడా? ఆమె చూడు, మాట్లాడేది కొంచెమే. అంతా ఇంటికి కావాల్సిందే. నాటకంలో నిజమైన మనిషి ఆమే. నువ్వేమో మీసం దువ్వుకుంటా ఉండావు."

సాలంతా గొల్లుమంది. మునినారాయణప్ప నవ్వలేదు. చేయి దించి, అదే మాటను భార్య భుజం నిమురుతున్నట్టు మెల్లగా చెప్పి చూశాడు. అతనికే ఒళ్లు జలదరించింది.

ఆగిన రాట్నం మళ్లీ తిరిగింది.

అప్పటినుంచి అతనికి అదే గురుతు. మాట సరిగ్గా పడితే రాట్నం గిర్రున తిరిగేది. తప్పితే ఆగేది. మాస్టరు ముఖం చూడడం మానేసి ఆ చప్పుడే వినసాగాడు. కొన్నాళ్లకు బాగా వచ్చిన మాటనే కావాలని తప్పు చెప్పడం మొదలుపెట్టాడు. రాట్నం ఆగుతుంది, ఆమె తలెత్తుతుంది. అదీ అతని లెక్క.

ఒక ఆదివారం పెద్ద వాన. అందరూ అరుగు మీద కాఫీ తాగుతుంటే, రాట్నం దగ్గరే ఉన్న అక్కయమ్మ గుమ్మంలో నిలబడ్డ మునినారాయణప్పను నిలదీసింది.

"ఏమప్పా, పోయిన వారం చక్కగా చెప్పిన మాట, ఈ పొద్దు ఏంటికి తప్పిపోయింది?"

అతను కాఫీ గ్లాసులోకి చూశాడు.

"నాటకంలో అంత మాట్లాడతావే! ఇక్కడికొస్తే నోరు ఎవురికైనా అరువిచ్చినావా?"

"అవి ఆయప్ప మాటలు."

"నీ మాటలేమైనా ఉండాయా?"

"ఉండాయి."

"చెప్పు మరి."

చూరునుంచి వాన ధారగా కారుతోంది. నీలం రంగు పట్టిన తన వేళ్లనే చూసుకున్నాడు మునినారాయణప్ప.

"రిహార్సల్ కాలేదు," అన్నాడు.

అక్కయమ్మ పకపకా నవ్వి రాట్నం తిప్పింది. దానికి నూలు లేదన్న సంగతి ఇద్దరూ గమనించలేదు.

శ్రీరామనవమి పందిట్లో నాటకం అదిరిపోయింది. ఎంత అదిరిపోయిందంటే, మర్నాడు కూరగాయలమ్మే సొన్నమ్మ అతనికి వంకాయలు ఇవ్వనంది. "మా రాగులు యాడ దాచినావో అది చెప్పు ముందు!" అని గంప మీద గుడ్డ కప్పేసింది. అతను నవ్వుకుంటూ వచ్చేశాడు. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు.

సర్జాపురం నుంచి అతని మేనమామ చిక్కమునియప్ప తాంబూలం పట్టుకుని, అక్కయమ్మను అతనికి అడగడానికి వచ్చాడు. వెంకటగిరియప్ప తాంబూలం ముట్టలేదు.

"మనోళ్లే, కష్టం చేసే పిల్లోడే. కాదనను. అయితే అబద్ధం అంత నున్నగా వాని నోట్లో ఎట్ల వచ్చింది? లోపల లేంది బయటికొస్తాదా? పెండ్లాం భుజం నిమిరి అబద్ధం చెప్తా ఉంటే, ఆ పెండ్లాం జాగాలో నా కూతురే కనపడింది నాకు. మీసాలతో సహా!"

"నాటకం కదప్పా అది!"

"ఉండనీ. చందాపురం సంబంధం ఒకటి వచ్చి ఉండాది. శుక్రవారం మాటిచ్చేస్తాను."

మునినారాయణప్ప సాల గుమ్మం బయటే నిలబడి విన్నాడు. చెప్పుల్లో కాలు పెట్టబోయాడు.

అప్పుడు అక్కయమ్మ తలుపు చాటునుంచి బయటికి వచ్చింది. ముఖం ఎర్రబడి ఉంది.

"నాయనా, ఆ నున్నదనం ఆయప్పది కాదు. నాది. ఆయప్పకు అరిచేది తప్ప ఏమీ చేతకాకపోయె. అబద్ధాన్ని తీయగా చెప్పేది నేనే నేర్పితిని. తప్పు పట్టాలంటే నన్ను పట్టు."

వెంకటగిరియప్ప కూతుర్ని చూశాడు, గుమ్మం వైపు చూశాడు.

"లోపలికి రాప్పా," అన్నాడు. "కూర్చో. అడిగినదానికి చెప్పు. తాగుతావా?"

"మా ఊరి జాతరలో ఒకసారి. వాంతి అయ్యింది."

మూలన కూర్చున్న వెంకటగిరియప్ప తల్లి, భాగీరథమ్మ అవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇల్లుండాదా?"

"మా అన్నది సగం, నాది సగం. వానొస్తే నా సగమే కారుతాది."

చిక్కమునియప్ప మేనల్లుడి తొడ గిల్లాడు. లాభం లేకపోయింది.

"మీ యమ్మ?"

"కండ్లు సరిగ్గా కనపడవు. వచ్చే పిల్లకు పని జాస్తి."

"ఇన్ని పెట్టుకుని మా పిల్ల ఏంటికప్పా నీకు?"

మునినారాయణప్ప మూలనున్న రాట్నం వైపు చూశాడు. వీధిలో ఒక జట్కా వచ్చి, గంట మోగించుకుంటూ పోయింది.

"నేను తప్పు చేస్తే ఎవురు దిద్దినా నాకు కోపమొస్తాది," అన్నాడు చివరికి. "ఆమె దిద్దితే రాదు. ఇంకో తప్పు చేద్దామనిపిస్తాది."

అక్కయమ్మ గబగబా గోడ వైపు తిరిగింది. అవ్వ ఇక నవ్వు ఆపుకోలేదు.

"ఒరే గిరీ! అబద్ధం చేతనైనవాడు ఇల్లు కారుతాదని చెప్తాడా? వీడు సంతలో ముసలెద్దును కూడా అమ్మలేడు."

వెంకటగిరియప్ప మీసం చాటున పెదవి కదిలింది. తాంబూలం పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.

"చందాపురానికి కబురు చేస్తాలే, వద్దని. ముందు ఇల్లు చూసేదానికి వస్తాం. నేనూ, మా అమ్మా."

"నేనూ వస్తాను," అంది అక్కయమ్మ గోడతో.

"పెండ్లికి ముందు పిల్ల పోయే ఆచారం లేదు."

"ఆచారం సంగతి నేను చూసుకుంటాను, నువ్వు నోరు మూసుకుని సుమ్మనుండు," అంది అవ్వ.

మునినారాయణప్పకు ఇప్పుడైనా ఏదో ఒకటి చెప్పాలనిపించింది.

"సర్జాపురానికి బొగ్గుతో నడిచే బస్సు," అన్నాడు. "చానా తూరి దోవలో నిలిచిపోతాది. దిగి తోయాల."

అక్కయమ్మ గోడ వదిలి అతని వైపు తిరిగింది. ఆ కళ్లలో తడి ఉంది, అల్లరీ ఉంది.

"తోస్తాం," అంది. "ఇద్దరముండాం కదా."